డేర్‌డెవిల్ రెండో సీజన్: నాలుగు ఎపిసోడ్ల తర్వాత ఏమైంది?

మెట్రో_పిల్లర్_143
కొత్త సీరియల్ డేర్‌డెవిల్: బోర్న్ అగైన్ చూశాక ఆగలేక నెట్‌ఫ్లిక్స్ పాత డేర్‌డెవిల్ మళ్ళీ మొదటినుంచి పెట్టాను. అదే, చూపు లేకపోయినా చెవులతో అన్నీ పసిగట్టే లాయరు మ్యాట్ మర్డాక్ రాత్రిళ్ళు ముసుగేసుకుని నేరస్థుల్ని కొట్టే సీరియల్. మొదటి సీజన్ ఇప్పటికీ అంతే బాగుంది, దాని మీద వాదన లేదు. నా గొడవంతా రెండోదానితోనే. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కథంతా చెప్పేస్తున్నాను.

2016 మార్చి 18, శుక్రవారం, మనకి మధ్యాహ్నం పన్నెండున్నరకి పదమూడు ఎపిసోడ్లూ ఒకేసారి వచ్చాయి. నెట్‌ఫ్లిక్స్ ఇండియాకి వచ్చింది ఆ జనవరిలోనే. 800 రూపాయల ప్లాన్ తీసుకుని నలుగురం తలా 200 వేసుకున్నాం. ఆఫీసులో లంచ్ బాక్స్ పక్కన ఫోన్ పెట్టుకుని మొదటి ఎపిసోడ్ చూసిన బాపతు నేను, శనివారం రాత్రికి మొత్తం అవగొట్టేసి ఇంతకుమించిన సీజన్ రాదని అందరికీ చెప్పుకు తిరిగాను.

ఇప్పుడు చూస్తే మొదటి నాలుగు ఎపిసోడ్లు మాత్రం ఒక సినిమా. నేరస్థుల్ని వెతికి చంపే పనిషర్, అంటే ఫ్రాంక్ క్యాసిల్, వస్తాడు, ఐరిష్ గ్యాంగ్‌ని ఒక్క గదిలో తుడిచిపెట్టేస్తాడు, మ్యాట్‌ని మేడ మీద గొలుసులతో కట్టేసి నువ్వు చేసేదీ నేను చేసేదీ ఒకటే కదా అని అడుగుతాడు, చివరికి స్మశానంలో సమాధికి ఆనుకుని కూర్చుని కూతురి గురించి చెప్తాడు. అక్కడ నాకు ఇప్పటికీ గొంతు పట్టేసింది. ఆ నాలుగోదాని చివర్లోనే మ్యాట్ పాత ప్రేయసి ఎలెక్ట్రా దిగుతుంది, ఇక ఐదో ఎపిసోడ్ నుంచి రెండు సీరియళ్ళు. ఒకటి కోర్టులో, జైల్లో ఫ్రాంక్ కథ. రెండోది నింజాలు, ఒక పెద్ద గొయ్యి, ఒక రాతి పెట్టె. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మధ్యలో మ్యాట్ పగలు ఒకదానికి, రాత్రి ఒకదానికి ఆలస్యంగా వస్తుంటాడు. ఫస్టాఫ్ చూసి బయటికి వచ్చేయాల్సిన సినిమాలుంటాయే, అలాంటిదే ఇదీ అనిపించింది. మీరేమంటారు?

సాయంత్రం_ఇడ్లీ
ఫస్టాఫ్ బ్లాక్‌బస్టర్, సెకండాఫ్ క్యాంటీన్. నువ్వు పేజీ రాసింది నేను లైన్‌లో చెప్పా అన్నా.

ఎలెక్ట్రా_పార్టీ
మళ్ళీ మొదలెట్టారా. ఎక్కడ ఈ సీజన్ మాట వచ్చినా ఇదే పాట, పనిషర్ సూపర్, ఎలెక్ట్రా చెడగొట్టింది. ఆమె రాకపోతే ఈ సీజన్‌లో మ్యాట్‌కి కథే లేదు, ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారా?

మొదటి నాలుగు ఎపిసోడ్లలో మ్యాట్ ఏం చేస్తాడో చూడండి. దెబ్బలు తింటాడు, ప్రవచనం చెప్తాడు. చంపకూడదు, దేవుడు చూసుకుంటాడు, మనిషికి ఇంకో అవకాశం ఇవ్వాలి. ఫ్రాంక్ ముందు ఇదంతా చెప్పడం తేలికే, ఎందుకంటే ఫ్రాంక్ అతనికి ఎవడో. ఎలెక్ట్రా అలా కాదు, కాలేజీ రోజుల్లో ఇష్టపడిన మనిషి. అప్పట్లోనే ఆమె అతన్ని వాళ్ళ నాన్నని చంపించిన రాస్కో స్వీనీ ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టింది, చంపెయ్ అంది. అతను కొట్టి కొట్టి, చివరి నిమిషంలో ఆగిపోయి పోలీసులకి ఫోన్ చేశాడు. ఆమె వెళ్ళిపోయింది. ఫ్రాంక్ మేడ మీద నోటితో అడిగిన ప్రశ్న ఎలెక్ట్రా పదేళ్ళ ముందే చేతిలో పెట్టేసింది. రెండు కథలూ మాట్లాడుకోవు అన్నారే, మాట్లాడుకునేది అక్కడే.

ఇంకోటి. అతను ముసుగు వేసుకునేది ఊరికోసమా, తనకి అందులో మజా ఉందా అన్నది మొదటి సీజన్ అడిగి వదిలేసింది. దాన్ని నిజంగా తవ్వింది ఎలెక్ట్రాయే. ఆమెతో ఉన్నప్పుడు అతను నవ్వుతాడు చూడండి, ఫైట్ మధ్యలో నవ్వుతాడు. ఆఫీసులో ఎప్పుడైనా అలా నవ్వాడా?

మెట్రో_పిల్లర్_143
ఆ నవ్వు సంగతి నేను గమనించలేదు, నిజమే. ఎలెక్ట్రా వేసిన ఎలోడీ యంగ్ నటన మీద నాకేం ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా ఆమెకి రాసిన రెండో సగం మీద. ఆమెని బ్లాక్ స్కై అంటారు, అంటే ఏమిటి? హ్యాండ్ అనే ఆ నింజా ముఠాకి ఆమె ఎందుకు కావాలి? పదమూడు ఎపిసోడ్లు అయ్యాక కూడా, ఏదో ఆయుధం అన్నంతవరకే అర్థమైంది. ఒక మనిషికి ఇంతటి గతం ఇచ్చి చివరికి ఆమెని జోస్యంలో ఒక వస్తువు చేసేశారు.

పాత_కామిక్స్
అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారుకి వెళ్ళి కామిక్స్ ఏరుకునే తరం నాది, కాబట్టి కొంచెం సుత్తి భరించండి.

వీళ్ళిద్దరినీ ఒకే సీజన్‌లోకి తేవడం ఎందుకు కష్టమో కామిక్స్ చూస్తే తెలుస్తుంది. పనిషర్ అసలు డేర్‌డెవిల్ మనిషే కాదు, 1974లో స్పైడర్‌మ్యాన్ పుస్తకంలో విలన్‌లాగా వచ్చాడు. ఎలెక్ట్రా కామిక్స్ రచయిత ఫ్రాంక్ మిల్లర్ సృష్టి, 1981 డేర్‌డెవిల్ 168లో మొదలు. ఒకడిది తుపాకులు, మాఫియా, వీధి బురద. ఆమెది నింజాలు, చావు, తిరిగి బతకడం. ఒక ప్లేటులో బిర్యానీ, పక్కనే పాయసం. రెండూ బాగుంటాయి, కలిపితే మాత్రం...

మేడ మీద గొలుసుల సీను, అదే ఒక్క బుల్లెట్ ఉన్న తుపాకీ మ్యాట్ చేతికి అంటించి, నన్ను కాల్చు, లేకపోతే ఈ బందీ గ్రోటోని చంపేస్తా అని ఫ్రాంక్ అనే సీను, 2000లో గార్త్ ఎన్నిస్ రాసి స్టీవ్ డిల్లన్ గీసిన పనిషర్ నుంచి తెచ్చింది. అక్కడ తేడా ఏమిటంటే, కామిక్‌లో డేర్‌డెవిల్ చివరికి ట్రిగ్గర్ నొక్కేస్తాడు. తుపాకీ పేలదు, ఎందుకంటే పనిషర్ ముందే అందులో ఫైరింగ్ పిన్ తీసేశాడు. అంటే నువ్వు కూడా నొక్కుతావురా అని నిరూపించి వెళ్ళిపోతాడు. చాలా క్రూరమైన జోకు. సీరియల్లో మ్యాట్ ఆ ఒక్క బుల్లెట్‌తో గొలుసుని కాల్చుకుంటాడు. ఫ్రాంక్ గ్రోటోని ఎలాగూ చంపేస్తాడు, మ్యాట్ చేతికి మాత్రం మట్టి అంటదు. నా దృష్టిలో ఈ సీజన్ వెనక్కి తగ్గింది అక్కడే, ఐదో ఎపిసోడ్ దాకా ఆగక్కర్లేదు. హీరోని తప్పు చేయనివ్వడానికి భయపడ్డారు.

సాయంత్రం_ఇడ్లీ
అయ్యా, వెంటనే మెట్ల ఫైట్ ఉంది కదా. ఒక చేతికి టేపుతో అంటించిన ఖాళీ తుపాకీ, ఇంకో చేతిలో గొలుసు, పైనుంచి కిందదాకా ఒకే షాట్‌లా బైకర్లని దులిపేస్తూ దిగుతాడు. ఆ ఒక్కదానికి అన్నీ మాఫీ.

మెట్రో_పిల్లర్_143
మొదటి సీజన్ కారిడార్ ఫైటే గొప్పదంటాను. అక్కడ అతను అలిసిపోయి గోడకి ఆనుకుంటాడు, పడ్డవాళ్ళు మళ్ళీ లేస్తారు, చివర్లో పిల్లాడిని ఎత్తుకుని నడిచొస్తాడు. మెట్ల ఫైట్‌కి హంగు ఎక్కువ, అవసరం తక్కువ. కాని ఇడ్లీతో ఫైట్ల గురించి వాదించి గెలిచినవాడు లేడు, వదిలేస్తున్నా.

నల్లకోటు
గుంటూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. మా అబ్బాయి బలవంతం మీద చూశాను, వాడు ఫైట్లు చూస్తుంటే నేను కోర్టు చూస్తూ కూర్చున్నాను.

ఈ సీజన్‌లో అందరూ వదిలేసిన పెద్ద బొక్క ఒకటుంది. గ్రోటో ఎవరు? మ్యాట్, అతని స్నేహితుడు ఫాగీ కలిసి నడిపే లా ఆఫీసు నెల్సన్ అండ్ మర్డాక్ క్లయింటు. రక్షించండి బాబూ అని వాళ్ళ దగ్గరికి వచ్చినవాడు. అతన్ని చంపింది ఎవరు? ఫ్రాంక్ క్యాసిల్. కళ్ళెదుట అందామా, చెవులెదుట అందామా, చూసింది ఎవరు? మర్డాక్. నాలుగు ఎపిసోడ్లు తిరక్కుండా ఆ ఫ్రాంక్ క్యాసిల్ తరఫునే వకాల్తా వేసింది ఎవరు? అదే నెల్సన్ అండ్ మర్డాక్! చచ్చిపోయిన క్లయింటు పక్షాన ఒక్కరు నోరెత్తరు. మన బార్ కౌన్సిల్ నియమాల్లో కూడా స్పష్టంగా ఉంది, తాను సాక్షి కావాల్సి వస్తుందని అనుమానం ఉన్న కేసులో వకీలు హాజరు కాకూడదు. మర్డాక్ సాక్షి, బాధితుడు, పట్టుకున్నవాడు, పైగా డిఫెన్స్ లాయరు. మా సీనియర్ బతికుంటే ఫైలు మొహాన కొట్టేవారు.

చట్టం తప్పిందని చెప్పడం నా ఉద్దేశం కాదు, కథలో చట్టం ఎలాగూ తప్పుతుంది. ఆ ఇరకాటమే అసలు కథ అయ్యేది అంటాను. నేను పట్టుకున్నవాడిని నేనే కాపాడాలి, నా క్లయింటుని చంపినవాడికి నేనే వాదించాలి, నిజం చెప్తే ముసుగు ఊడిపోతుంది. ఇంత గట్టి విషయం చేతిలో పెట్టుకుని ఏం చేశారు? ఓపెనింగ్‌కి మర్డాక్‌ని రాకుండా చేశారు. ఫాగీ ఒక్కడే లేచి, తడబడుతూనే అద్భుతంగా మాట్లాడతాడు. ఆ పాత్ర వేసినాయనకి దండం పెట్టాలి. ఆ తర్వాత ఫ్రాంక్ బోనెక్కి, జైల్లో ఉన్న మొదటి సీజన్ విలన్ ఫిస్క్‌తో ఒప్పందం కుదిరింది కాబట్టి, కావాలని అరిచి కేసు పాడుచేసుకుంటాడు. విచారణ అంతటితో సరి. మన దగ్గర నిందితుణ్ణి ఇలా బోనెక్కించడం చాలా అరుదు, తాను కోరుకుంటేనే. మామూలుగా జడ్జిగారే నిందితుణ్ణి అడిగి రాసుకునే స్టేట్‌మెంటే, పాత చట్టంలో సెక్షన్ 313. కొత్త చట్టంలో 351 అయింది కాని మా కోర్టు హాల్లో ఇంకా 313 అనే అంటాం. అది వేరే కథ.

ఎలెక్ట్రా_పార్టీ
నల్లకోటు గారూ, గ్రోటో సంగతి నాకు తట్టనే లేదు. ఎలెక్ట్రా వల్ల కోర్టు కథ పాడైంది అనేవాళ్ళు దీనికి సమాధానం చెప్పాలి. ఆమె ఊళ్ళో లేకపోయినా అది పాడయ్యేదే.

హడ్సన్_ఒడ్డున
న్యూజెర్సీ నుంచి. రోజూ బస్సెక్కి న్యూయార్క్ 42వ వీధిలో పోర్ట్ అథారిటీ బస్టాండులో దిగుతాను, మ్యాట్ ఉండే పేట హెల్స్ కిచెన్ అక్కడే. 34 నుంచి 59వ వీధి దాకా, ఎనిమిదో అవెన్యూ నుంచి నది దాకా అని లెక్క. సీరియల్లో చూపించే ఊరు ఇక్కడ లేదు, ఎప్పుడో పోయింది. తొమ్మిదో అవెన్యూ నిండా రెస్టారెంట్లు, నాటకాలకి వెళ్ళేవాళ్ళు, నా జీతంలో సగం మింగే అద్దెలు. మ్యాట్ ఉండే అంత పెద్ద ఫ్లాటు ఒక్క క్లయింటు కూడా డబ్బివ్వని లాయరుకి ఎలా వచ్చిందంటే, ఎదురుగా పెద్ద లైటు బోర్డు ఉండబట్టి, గుడ్డివాడికి ఇబ్బంది లేదు కాబట్టి చవగ్గా ఇచ్చారు అని మొదటి సీజన్‌లోనే చెప్పారు. నా మట్టుకు ఈ మొత్తం సీరియల్లో నింజాలకన్నా నమ్మలేనిది అదే. షూటింగ్ కూడా చాలావరకు బ్రూక్లిన్, క్వీన్స్ వైపు వీధుల్లో చేశారు.

కాని మొదటి సీజన్‌లో గ్రహాంతరవాసుల దాడికి కూలిపోయిన పేట, దాన్ని కట్టే పేరుతో కొనేస్తున్న ఫిస్క్, ఖాళీ చేయమంటే చేయని ముసలావిడ... అది నిజమైన ఊరి కథ, అద్దెకుండేవాడికెవడికైనా తగులుతుంది. రెండో సీజన్‌లో ఊరెక్కడుంది? మేడలు, సొరంగాలు, గోదాములు. ఆసుపత్రికి తెచ్చిన ఆ పిల్లల సంగతి చూడండి, రక్తం తోడేసిన పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నల గోడు ఏమైంది? నర్సు క్లేర్ ఒక్కతే అడుగుతుంది, ఆసుపత్రివాళ్ళు డబ్బు తీసుకుని కప్పెట్టేస్తే ఉద్యోగం వదిలేసి పోతుంది. ఆ పిల్లల మాట ఇక ఎవరూ ఎత్తరు.

లేట్_కమర్
నేను ఇప్పుడే ఏడోది పూర్తి చేశా, స్పాయిలర్ అని తెలిసీ చదివేస్తున్నా. ఆ గొయ్యి ఏంటండీ? చివరికైనా చెప్తారా?

పాత_కామిక్స్
ఈ సీజన్‌లో చెప్పరు బాబూ. 2017 ఆగస్టులో డిఫెండర్స్ అని ఇంకో సీరియల్ వచ్చింది, సమాధానం అందులో ఉంది. గొయ్యి అడుగున డ్రాగన్ ఎముకలు.

లేట్_కమర్
జోకా?

పాత_కామిక్స్
కాదు.

సాయంత్రం_ఇడ్లీ
పాపం పిల్లోడు.

మెట్రో_పిల్లర్_143
ఈ సీజన్ మీద నా కోపానికి ఇది కూడా కారణం. మొదటి సీజన్ నడిపిన స్టీవెన్ డినైట్ వెళ్ళిపోయాడు, డగ్ పెట్రీ, మార్కో రమిరెజ్ వచ్చారు. ఆ ఇద్దరే తర్వాత డిఫెండర్స్ కూడా మొదలుపెట్టారు. ఇక్కడ గొయ్యి తవ్వి అక్కడ పూడ్చారు. రేపటి సీరియల్‌కి ఇవాళే పునాది వేస్తే ఇవాళ్టి ప్రేక్షకుడు గోతి అంచున నిలబడి ఉండాలన్నమాట.

చెవులతో_చూస్తా
నాకు పుట్టుకతో చూపు లేదు. స్క్రీన్ రీడర్‌తో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. ఈ సీరియల్‌తో నాకు వేరే సంబంధం ఉంది.

2015 ఏప్రిల్‌లో మొదటి సీజన్ వచ్చినప్పుడు గుడ్డి హీరో కథకి గుడ్డివాళ్ళకోసం ఆడియో వర్ణన లేదు. అమెరికాలో జనం గట్టిగా అడిగారు, నాలుగు రోజుల్లో పెట్టారు. నెట్‌ఫ్లిక్స్ ఆ పని మొదలుపెట్టిందే దీనితో. నేను రెండు సీజన్లూ అలాగే విన్నాను. ఫైట్ నడుస్తుంటే ఒక గొంతు పక్కన చెప్తూ ఉంటుంది, ఎవడు ఎవణ్ణి ఎటు విసిరాడో. మెట్ల ఫైట్‌లో ఆ గొంతుకి ఊపిరాడదు.

మీరు అందరూ మేడ, స్మశానం, కోర్టు అంటున్నారు. నాకు ఈ సీజన్‌లో అన్నిటికన్నా గట్టిగా తగిలింది రెండో ఎపిసోడ్. మొదటిదాని చివర ఫ్రాంక్ మ్యాట్ తలకి గురిపెట్టి కాలుస్తాడు, హెల్మెట్ వల్ల మ్యాట్ బతుకుతాడు. తర్వాత ఇంట్లో ఉండగా ఒక్కసారిగా వినికిడి పోతుంది. శబ్దం మాయం. మీకు అది సౌండ్ ఎఫెక్ట్ అయ్యుంటుంది. నేను హెడ్‌ఫోన్స్‌లో వింటూ వణికిపోయాను. సీరియల్ మొత్తంలో మ్యాట్ నిజంగా గుడ్డివాడయ్యేది ఆ కాసేపే, మిగతాదంతా చూపున్నవాళ్ళు గుడ్డితనం గురించి కనే కల. చిన్నప్పుడు నాకు చెవిలో చీము పట్టి మూడు రోజులు ఒక వైపు వినపడలేదు. మా వీధిలో మా ఇల్లు నాకు దొరకలేదు. ఎవరో పిల్లాడు చెయ్యి పట్టుకుని తెచ్చి దింపాడు.

అందుకే నింజాల మీద మీకున్నంత కోపం నాకు లేదు. గుండె చప్పుడు దాచుకునే శత్రువులు అన్న ఆలోచన చాలా మంచిది. అతని కళ్ళు పీకేసినట్టే కదా. కాని ఒకట్రెండు సీన్లు వాడి పక్కన పడేశారు, చివరి మేడ మీదికి వచ్చేసరికి వాళ్ళు వట్టి దిండ్లు, కొడితే పడిపోతారు.

నల్లకోటు
ఇన్నాళ్ళూ ఆ సీనుని మామూలుగా చూసి వదిలేశానండీ.

ఎలెక్ట్రా_పార్టీ
ముఖంలేని శత్రువుల విషయంలో నేనూ ఒప్పుకుంటాను. ఎనిమిదో ఎపిసోడ్ చివర మ్యాట్ ఇంట్లో ఎలెక్ట్రా ఒకడి గొంతు కోస్తుంది, ముసుగు తీస్తే కుర్రాడు. మొత్తం నింజాల్లో మనం ముఖం చూసి ఉలిక్కిపడేది ఆ ఒక్కడినే. అలాంటివి ఇంకో రెండుంటే చాలు. అంతెందుకు, హ్యాండ్ నాయకుడు నోబుని మొదటి సీజన్‌లోనే తగలబెట్టారు, ఇందులో మళ్ళీ లేచి వచ్చాడు, చివర్లో మ్యాట్ గురువు స్టిక్ అతని తల నరికాడు. చచ్చినవాళ్ళు లేచే కథలో చావుకి బరువు ఎక్కడినుంచి వస్తుంది? ఎలెక్ట్రా మ్యాట్ చేతుల్లో పోతున్నప్పుడు కూడా మా చెల్లి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది, వస్తుందిలే అని. వచ్చింది కూడా.

సాయంత్రం_ఇడ్లీ
సెకండాఫ్‌లో మంచివి ఒక్కటీ లేవన్నట్టు మాట్లాడుతున్నారు. జైల్లో ఫిస్క్? తొమ్మిదో ఎపిసోడ్ మొత్తం నాకు బట్టీ. తెల్ల గోడలు, తెల్ల బట్టలు, ఫ్రాంక్ బయటికి వచ్చేసరికి అన్నీ ఎర్రగా. మరుసటి ఎపిసోడ్‌లో మ్యాట్ వెళ్ళి నీ ప్రేయసి వెనెస్సాని ఈ దేశంలోకి రానివ్వనని బెదిరిస్తే ఫిస్క్ అతన్ని చితకబాదుతాడు. మూడో సీజన్‌కి విత్తనం అది.

మెట్రో_పిల్లర్_143
లెక్క సరిచేసుకుంటున్నా. జైలు, ఫాగీ ప్రసంగం, ఇంకోటి డైనర్ సీను, పదకొండోది. ఫ్రాంక్, మ్యాట్ వాళ్ళ ఆఫీసులో పనిచేసిన కారెన్ ఎదురెదురుగా కాఫీ ముందు. ప్రేమించినవాళ్ళే మనసుని ఇంతలా నొప్పించగలరు, అలాంటివాళ్ళు దొరికితే రెండు చేతులా పట్టుకో అన్నట్టు చెప్తాడు, రెండు నిమిషాల్లో లోపలికొచ్చిన ఇద్దర్నీ చంపి పడేస్తాడు. మాటలు, రక్తం ఒకే టేబుల్ మీద. ఫ్రాంక్ వేసిన జాన్ బెర్న్‌తాల్‌కి సొంత సీరియల్ ఇవ్వాలని ఎవరికి తట్టినా, ఈ సీను చూసే తట్టి ఉంటుంది.

గమనించారా, మనం మెచ్చుకున్నవాటిలో చాలావాటిలో మ్యాట్ లేడు. స్మశానంలో ఉన్నా పక్కన కూర్చుని వింటాడు, అంతే. హీరో లేనప్పుడే బాగున్న సీజన్ ఇది.

ఎలెక్ట్రా_పార్టీ
చెవులతో_చూస్తా చెప్పిన సీను అతనిదే. నవ్వే మ్యాట్ కూడా.

మెట్రో_పిల్లర్_143
సరే, రెండు.

లేట్_కమర్
ఇంతకీ మిగతావి చూడనా, ఆపెయ్యనా? తర్వాత ఏది చూడాలి?

నల్లకోటు
ఎనిమిదోదానిలో కోర్టు ఉంది, అది చూసి నాకు చెప్పు.

పాత_కామిక్స్
పూర్తిచెయ్. తర్వాత ఓపికుంటే డిఫెండర్స్ ఎనిమిది ఎపిసోడ్లే, లేదంటే వదిలేసి 2018లో వచ్చిన మూడో సీజన్‌కి పో. నింజాలు లేరు, గొయ్యి లేదు, ఫిస్క్ ఉన్నాడు. మూడో సీజన్ వచ్చిన నెలన్నరకే సీరియల్ ఆపేశారు, అది చూశాక నీకూ మాలాగే కోపమొస్తుంది.

మెట్రో_పిల్లర్_143
నిన్న రాత్రి లైట్లు ఆపేసి, ఫోన్ బోర్లా పెట్టి, ఆడియో వర్ణనతో రెండో ఎపిసోడ్ ఒక్కటి విన్నాను. శబ్దం పోయినచోట బ్లూటూత్ ఊడిపోయిందనుకుని చెయ్యి ఫోన్ మీదికి పోయింది. తర్వాత మూడోది కూడా విన్నాను. ఇడ్లీ, మెట్ల ఫైట్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. చప్పుళ్ళు వింటే ఎవడు ఎన్నో మెట్టు మీద ఉన్నాడో తెలిసిపోతోంది.

సాయంత్రం_ఇడ్లీ
స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నా.

చెవులతో_చూస్తా
తొమ్మిదోది కూడా అలాగే వినండి. తాళాలు తెరుచుకునే చప్పుడు ముందు వస్తుంది, వర్ణన చెప్పే గొంతు ఒక క్షణం ఆగుతుంది.